ఇంజను దుప్పటి

టూసాన్, అరిజోనా
1983 అక్టోబరు 9, ఆదివారం

బావకి డెల్బర్ట్ రాసేది,

ఇక్కడికొచ్చి ఆరు వారాలైంది. ఇప్పటికి మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చించేశాను. ఇది చించను. ఎందుకంటే ఇందులో నా గొడవ తక్కువ, మన ముసలిదాని, అదే మన విమానం, గొడవ ఎక్కువ.

గుండె కొట్టుకుంటోంది, దాని పని అది చేస్తోంది. అలాస్కా డాక్టరు చెప్పిందే ఈ ఎడారి డాక్టరూ చెప్పాడు: నడువు, ఉప్పు తగ్గించు, విమానం మాత్రం నడపకు. ముప్పై ఏళ్లు జేబులో పెట్టుకు తిరిగిన లైసెన్సు లాక్కుని మాత్రల సీసా చేతిలో పెట్టారు. ఊరి చివర చిన్న విమానాలు దిగే మైదానం ఒకటుంది. దాని పక్కనే గది తీసుకున్నాను. కిటికీ తెరిస్తే రన్‌వే. ఎవడు నున్నగా దిగాడో, ఎవడు కప్పలా గెంతుతూ దిగాడో మార్కులు వేస్తూ కూర్చుంటాను. వినేవాళ్లెవరూ లేరు గనక ఆ మార్కులు గోడకి చెబుతుంటాను.

సరే, అసలు సంగతి. ఇరవై రెండేళ్ల కిందట మనిద్దరం చెరిసగం వేసుకుని ఆ నాలుగు సీట్ల విమానం కొన్నప్పటి నుంచీ దాని ఇంజను సంగతి నేనే చూశాను. నువ్వు నడిపావు, నేనూ నడిపాను, కానీ నూనె చేతులు ఎప్పుడూ నావే. ఇప్పుడు ఒక్కడివే చూసుకోవాలి కాబట్టి చెబుతున్నాను, విను. సరస్సు గడ్డకట్టేలోపు కింద నీళ్ల మీద దిగే ఫ్లోట్లు విప్పేసి, మంచు మీద జారే స్కీలు బిగించే ఉంటావు. పెట్రోలు ట్యాంకులు ఎప్పుడూ నిండుగా ఉంచు. సగం ఖాళీగా వదిలితే లోపలి గాలిలో చెమ్మ చలికి నీళ్లయి పెట్రోల్లోకి దిగుతుంది. ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి కాస్త పట్టి వెలుతురుకెత్తి చూడు. నీళ్లుంటే అడుగున పూసల్లా కూర్చుంటాయి. గేజిని నమ్మకు, అది మీ నాన్నలాంటిది, ఉన్నదానికంటే ఎప్పుడూ ఎక్కువే చెబుతుంది. నేను గీతలు పెట్టిన కర్ర తలుపు వెనక ఉంది, దాన్ని ముంచి చూసుకో. స్కీలు నేరుగా మంచు మీద ఆపకు. రెండు స్ప్రూస్ కొమ్మలు అడ్డంగా పరిచి వాటి మీద ఆపు, లేదంటే పొద్దున్నకి అతుక్కుపోయి, గొడ్డలి పట్టుకుని నువ్వు నన్ను తిట్టుకుంటూ నిలబడతావు.

అన్నిటికంటే ముఖ్యం, దిగగానే ఇంజను మీద దుప్పటి కప్పు. ఆ మందపాటి కాన్వాసు దుప్పటి. పది నిమిషాల్లో మళ్లీ వెళ్లాలన్నా సరే కప్పు. మర్చిపోకు బావా.

అక్క పోయి ఏడు నెలలు. వంటింట్లో నువ్వొక్కడివే ఏం వండుకు తింటున్నావో రాయి.

నీ బామ్మర్ది
డెల్

*

లూన్ సరస్సు, అలాస్కా
అక్టోబరు 30

డెల్‌కి,

నీ ఉత్తరం శుక్రవారం మెయిలు విమానంలో వచ్చింది. దాంతోపాటు రావలసిన నా బూట్లు రాలేదు. చొక్కా విప్పుకుని ఎండలో కూర్చుని, మంచులో మునిగినవాడికి మంచు గురించి పాఠాలు చెప్పేవాణ్ణి నిన్నే చూశాను.

నువ్వు చెప్పినవన్నీ అయ్యాయి. ముసలిది బాగుంది. మొన్న గురువారం పట్నం వెళ్లి పిండి, కాఫీ తెచ్చుకున్నాను. గాలి లేదు. హాయిగా వెళ్లింది, హాయిగా వచ్చింది. తోకలో ఎలుక గూడు పెట్టింది, తీసి పారేశాను. అందులో నీ పాత చేతితొడుగు దూది దొరికింది.

వంట అంటావా, దుప్పిమాంసం ఉడకేస్తాను, మూడు రోజులు అదే తింటాను. మీ అక్క రొట్టెలకి ఉంచే పులిసిన పిండి జాడీ ఉండేది చూడు, దాన్ని బతికించలేకపోయాను. రోజూ పిండి వేసి కలపమని చెప్పేది. కలిపాను. అయినా మూడో వారానికి గులాబీ రంగు తిరిగి చెడిపోయింది. గుట్ట కిందికి తీసుకెళ్లి పారబోశాను. ఇంట్లో పారబొయ్యడానికి మనసొప్పలేదు.

అవతలి ఒడ్డు వాళ్లు కూడా ఇల్లు మూసేసి పట్నం పోయారు, చలికాలమంతా రారట.

దుప్పటి ఉండాల్సిన చోటే ఉంది. ఆ సంగతి నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు.

ఐవర్

*

టూసాన్
నవంబరు 14

బావా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చివరి రెండు వాక్యాలు ఇంకో రెండుసార్లు. గుర్తు చెయ్యక్కర్లేదన్నావు కదా, సరే. కానీ నా నోటికి అదొక్కటే వస్తుంది, ఏం చెయ్యను?

పిండి జాడీ సంగతి చదివి ఆ పూట భోజనం చెయ్యలేదు. తప్పు నీది కాదు. అక్క దానితో మాట్లాడేది, నువ్వు మాట్లాడి ఉండవు.

ఇక్కడ నాకొక శిష్యుడు దొరికాడు. పేరు వెండెల్ ప్రుయిట్, పళ్ల డాక్టరు. తళతళలాడే విమానం కొన్నాడు, దాన్ని తుడవడమొక్కటే తెలుసు. పోయిన మంగళవారం నా కిటికీ ముందే పరుగెత్తించి, లేపకుండా బ్రేకు వేసి వెనక్కి వచ్చాడు. వేగం చూపించే ముల్లు సున్నా దగ్గర నుంచి కదల్లేదట. నేను నడుచుకుంటూ వెళ్లి, రెక్క కింద గాలి పీల్చే గొట్టంలోకి చూసి, "డాక్టరుగారూ, దీనికో పన్ను పీకాలి" అన్నాను. మట్టిగూడు కట్టే కందిరీగ అందులో కాపురం పెట్టింది. సన్న తీగతో నెమ్మదిగా తవ్వి తీశాను. ఆ గొట్టానికి ఎప్పుడూ తొడుగు వెయ్యాలని, ఆ తొడుగుకి చేతెడు ఎర్ర రిబ్బను కట్టాలని, లేకపోతే ఆ తొడుగు తియ్యడమే మర్చిపోయి ఎగురుతాడని చెప్పాను. పుస్తకంలో రాసుకున్నాడు! ఆదివారం భోజనానికి పిలిచాడు. వెళ్లలేదు. వాళ్లింట్లో ఏడుగురట. అంతమంది మధ్య ఏం మాట్లాడాలో మర్చిపోయాను.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. రెక్కల మీద మంచు నూగులా పేరుకుంటే, గరుకు కాగితం అంత పల్చగా ఉన్నా సరే, దానితో ఎగరకు. ఎంత ఇంజను ఉన్నా రెక్క ఎత్తదు. పాత తాడు రెక్క మీదుగా వేసి ఇద్దరు చెరోవైపు లాగితే రాలిపోతుంది అని రాయబోయాను, అప్పుడు గుర్తొచ్చింది నువ్వు ఒక్కడివేనని. తాడు ఒక కొస చెట్టుకి కట్టు.

ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో మీటరు చూసి రాయి, ఆయిలు ఎప్పుడు మార్చాలో చెబుతాను. దిగగానే దుప్పటి కప్పుతున్నావు కదా? మరీ చలి ఉంటే ఆయిలు వేడిగా ఉన్నప్పుడే డబ్బాలోకి దించి పొయ్యి పక్కన పెట్టుకో, ఆ తర్వాత దుప్పటి. దుప్పటి అంచులు కిందిదాకా దింపి కట్టు. గాలికి లేస్తే దుప్పటి ఉన్నా లేనట్టే.

డెల్

*

లూన్ సరస్సు
డిసెంబరు 6

డెల్బర్ట్,

దుప్పటి, దుప్పటి, దుప్పటి! నీ ఉత్తరంలో ఎన్నిసార్లుందో లెక్కపెట్టాను. నా వయసు అరవై ఏడు. ఏదో చెప్పదల్చుకుంటే సూటిగా చెప్పు. చుట్టూ తిరిగి సూదితో గుచ్చకు.

మీటరు 2319.0. మొన్న వెళ్లి చూసి రాసుకున్నాను. ఇప్పటికి మూడుసార్లు పట్నం వెళ్లొచ్చాను. అంతా బాగానే ఉంది.

పోతే, ఒక మాట. దీన్ని అమ్మేస్తే ఎలా ఉంటుందంటావు? ఎవరో కొనేవాళ్లున్నారని మెయిలు విమానం నడిపే కుర్‌స్టెన్ అన్నాడు. నువ్వెలాగూ నడపలేవు. నాకూ పొద్దున్న లేచి కిటికీ తియ్యగానే ఎదురుగా అదే కనబడటం బాగోలేదు.

ఇక్కడ పగలు నాలుగు గంటలే. పొయ్యి, పేకముక్కలు, రేడియో. రేడియోలో బ్యాటరీ తగ్గుతోంది, అందుకని వాతావరణం చెప్పేటప్పుడు మాత్రమే పెడతాను. మనిషి గొంతు వినడానికే పెడతాననుకో.

ఐవర్

*

టూసాన్
డిసెంబరు 19

బావా,

నేను మెకానిక్కునని మర్చిపోయావు.

ఆగస్టు 27న నేను బయల్దేరిన పొద్దున మీటరు చూసి జేబు పుస్తకంలో రాసుకున్నాను. 2318.4. నువ్వు రాసింది 2319.0. మధ్యలో అరగంట మీద కొంచెం. పట్నం ఒక్కసారి వెళ్లి రావాలంటేనే గంటా నలభై నిమిషాలు. నువ్వు మూడుసార్లు వెళ్లానన్నావు. ఆ అరగంటా ఏమిటో నాకు తెలుసు. వారానికోసారి స్టార్టు చేసి, కాసేపు నేల మీదే తిప్పి, ఆపేస్తున్నావు. పిండి, కాఫీ కుర్‌స్టెన్ తెచ్చిపెడుతున్నాడు.

అబద్ధం ఎందుకు రాశావని అడగను. ఎందుకో తెలుసు కాబట్టి.

ఆగస్టులో నేను మెయిలు విమానంలో పోతానన్నప్పుడు, "నేను దింపుతాలేరా" అంటావేమోనని పెట్టె కట్టడం రెండు రోజులు సాగదీశాను. నువ్వు అనలేదు. ఒడ్డున నిలబడి చెయ్యి కూడా ఎత్తలేదు. ఇప్పుడు అమ్మేద్దాం అంటున్నావు. కిటికీ తియ్యగానే అది కనబడకూడదంటున్నావు. అంటే దాన్ని చూస్తే నేనే కనబడుతున్నానన్నమాట. అమ్మెయ్యి బావా. నా సగం కూడా నీదే, నాకేం పంపొద్దు.

సూటిగా చెప్పమన్నావు. చెబుతాను. మార్చి పదకొండున మిట్టమధ్యాహ్నం నేను పట్నం నుంచి వచ్చి దిగాను. సున్నాకి ముప్పై నాలుగు డిగ్రీలు కింద. సాయంత్రం మళ్లీ వెళ్లే పని ఉందని ఆయిలు దించలేదు. దుప్పటి కప్పానా? ఇరవై రెండేళ్లుగా రోజూ చేసే పని అది. చెయ్యి దానంతటదే చేస్తుంది, బుర్రలో గుర్తుండదు. కప్పాననే అనుకున్నాను. నాలుగింటికి అక్క వంటింట్లో కడుపు పట్టుకుని పడిపోయినప్పుడు పరుగెత్తి వెళ్లి చూస్తే ఇంజను బోసిగా ఉంది, రాయిలా గడ్డకట్టి ఉంది. "అయ్యో, నేనే మర్చిపోయాను" అన్నాను. నువ్వు విన్నావు. ఏమీ అనలేదు. మంట పెట్టి, నువ్వు తెచ్చిన దుప్పటి కప్పి, వేడెక్కించి స్టార్టు చేసేసరికి రెండు గంటలు పట్టింది. అక్క రెండు గంటలు చెక్కబల్ల మీద పడుకుని మెలికలు తిరిగింది. ఆపరేషను చేసే డాక్టరు "కాస్త ముందు రాలేకపోయారా?" అన్న మాట రోజూ వినబడుతుంది నాకు. పళ్లు తోముకుంటుంటే వినబడుతుంది.

నా గుండె జూన్‌లో నొప్పి వచ్చినప్పుడు కాదు, ఆ రోజే పాడైంది. అందుకే నీకు దుప్పటి, దుప్పటి అని రాస్తున్నాను. నిన్ను గుచ్చడానికి కాదు. ఇంకేం రాయాలో తెలియక.

నీ మీద కోపమొచ్చినా ఇది మాత్రం రాయకుండా ఉండలేను. ఇంజను నేల మీద ఉత్తినే తిప్పకు. తిప్పితే వేడెక్కీ వేడెక్కకుండా లోపల చెమ్మ పుట్టి తుప్పు పడుతుంది. మూలన పడేసిన ఇంజనుకంటే అది త్వరగా చస్తుంది. ఎగరదల్చుకుంటే ఆయిలు మొత్తం మార్చు. స్విచ్చులన్నీ కట్టేసి ప్రొపెల్లరు చేత్తో ఎనిమిది తిప్పులు తిప్పు, లోపల ఏదైనా గీసుకుంటోందేమో చేతికే తెలుస్తుంది. ట్యాంకుల అడుగున నీళ్లు వదులు. లేవగానే పదినిమిషాలు సరస్సు పైనే చక్కర్లు కొట్టు, ఏమైనా తేడా వస్తే దిగడానికి అంత మంచు ఉంది. ఎగరకపోతే కొనేవాడికి ఈ కాగితం ఇచ్చెయ్యి.

డెల్బర్ట్

*

లూన్ సరస్సు
1984 జనవరి 15

డెల్,

నీ ఉత్తరం అందిన రోజు నుంచీ పొయ్యి మీద కాఫీ పెట్టి మర్చిపోతున్నాను. రెండు గిన్నెలు మాడిపోయాయి.

నువ్వు దుప్పటి కప్పావు.

ఈ వాక్యం రాయడానికి పది నెలలు పట్టింది. మిగతాది చెబుతాను, మధ్యలో ఆపకుండా చదువు.

ఆ రోజు నువ్వు దిగి, కప్పి, అంచులు కట్టి, లోపలికొచ్చి సూపు తాగి పడుకున్నావు. కిటికీలోంచి నేను చూశాను. ఒంటిగంటకి నీళ్ల పంపు గడ్డకట్టింది. మీ అక్క, "ఐవర్, నీళ్లు రావడంలేదు" అంది. పంపు దగ్గర మంట పెట్టాను కానీ వేడి నిలబడటంలేదు, గాలికి ఎగిరిపోతోంది. మందపాటి గుడ్డేదైనా కావాలి. నీ దుప్పటి విప్పి పట్టుకొచ్చాను. అరగంటలో మళ్లీ కప్పేస్తాననుకున్నాను. పంపు కరిగింది. నీళ్లు పట్టాను. తర్వాత కట్టెలు కొట్టాను. తర్వాత మర్చిపోయాను. అంతే. దుప్పటి పంపు షెడ్డులోనే ఉండిపోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పొద్దున కాఫీ తాగేటప్పుడు మీ అక్క, "లేచినప్పటి నుంచి కడుపులో నొప్పిగా ఉంది" అంది. "నిన్నటి చేప పడలేదేమోలే, వేడినీళ్లు తాగు" అన్నాను. తాగింది. నవ్వింది కూడా. "నీ వైద్యం అంతా నీళ్లతోనే" అంది. నేను కట్టెలు కొట్టడానికి పోయాను.

నాలుగింటికి నువ్వు ఇంజను దగ్గర నిలబడి "నేనే మర్చిపోయాను" అని అరిచావు. నేను అప్పుడే పంపు షెడ్డు నుంచి దుప్పటి చంకన పెట్టుకుని పరుగెత్తుకొస్తున్నాను. ఎక్కణ్ణుంచి తెచ్చానో నువ్వు అడగలేదు. వరండాలో మేకుకి వేలాడుతోందనుకున్నావు. అప్పుడు చెప్పాల్సింది. మీ అక్క రాగ్నా లోపల మూలుగుతోంది, పట్నానికి రేడియో చేస్తే అక్కడి విమానం తీరం వైపు పోయిందన్నారు. అది మాట్లాడే సమయం కాదనుకున్నాను. తర్వాత ఆసుపత్రిలో చెబుదామనుకున్నాను. తర్వాత గుట్ట మీద, మీ అక్కని పూడ్చేటప్పుడు. తర్వాత నీకు గుండెనొప్పి వచ్చింది, "ఇప్పుడు చెబితే వీడు తట్టుకోలేడు" అనుకున్నాను. అది ఎంత మంచి సాకో చూడు. చెప్పకపోవడమే నీకు మేలు చెయ్యడమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

నిన్ను నేను దింపకపోవడం నీ మీద కోపంతో కాదురా. ఆ సీట్లో కూర్చోలేక. నువ్వు నడుపుతుంటే వెనక సీట్లో మీ అక్క తల నా ఒడిలో ఉంది కదా, ఆ తర్వాత ఆ తలుపు తీసి లోపల కూర్చోలేదు నేను. చెయ్యి మాత్రం లోపలికి పెట్టి స్టార్టు చేసేవాణ్ణి. ఆ చప్పుడు వింటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది. తుప్పు సంగతి నాకు తెలియదు.

నువ్వు దుప్పటి అని రాసినప్పుడల్లా నీకు ఎలాగో తెలిసిపోయిందనుకున్నాను. నా నోటితోనే చెప్పించాలని పీడిస్తున్నావనుకుని నీ మీద పళ్లు కొరికాను. చూడు, ఎంత దూరం వెళ్లానో.

ఏమైనా తిట్టు. తిడుతూ రాయి.

ఐవర్

*

లూన్ సరస్సు
ఫిబ్రవరి 26

డెల్,

కుర్‌స్టెన్ మూడుసార్లు వచ్చి వెళ్లాడు. మూడుసార్లూ మంచు మీదికి ఎదురెళ్లాను. విత్తనాల కేటలాగులు రెండు, పన్ను కాగితం ఒకటి. నీ దగ్గర నుంచి ఏమీ లేదు.

"ఆ డెల్బర్ట్ ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. "బాగున్నాడు" అన్నాను. నిజంగా బాగున్నావో లేదో నాకు తెలియదు. నీకేమైనా అయితే నాకు కబురు చేసేవాళ్లు అక్కడ ఎవరున్నారు? ఆ పళ్ల డాక్టరుకి నా చిరునామా ఇచ్చావా?

రాయకపోతే రాయకు. ఖాళీ కవరైనా పంపు. పైన నీ చేతిరాత ఉంటే చాలు.

ఐవర్

*

లూన్ సరస్సు
మార్చి 20

డెల్,

విమానం అమ్మలేదు. నిన్న ఎగిరాను.

నీ కాగితం గోడకి అంటించుకుని ఒక్కొక్కటీ చేశాను. ఆయిలు మార్చాను. పాతది తారులా ఉంది, వేళ్ల మధ్య రుద్దితే సన్నగా గరుకు తగిలింది. నువ్వు చెప్పిన తుప్పు అదేననుకుంటాను. ప్రొపెల్లరు ఎనిమిది తిప్పులు తిప్పాను, ఎక్కడా పట్టెయ్యలేదు. ట్యాంకుల అడుగు నుంచి పట్టిన సీసాలో శనగగింజంత నీళ్లు. మళ్లీ పట్టాను, మళ్లీ పట్టాను, నాలుగోసారి శుభ్రంగా వచ్చింది. తర్వాత తలుపు తీశాను. వెనక సీట్లో మీ అక్క మఫ్లరు అలాగే ఉంది. దాన్ని తియ్యలేదు. ముందు సీట్లో కూర్చుని బెల్టు కట్టుకున్నాను. ఎంతసేపు కూర్చున్నానంటే వేడి చేసిన ఇంజను మళ్లీ సగం చల్లారింది. దిగి ఇంకోసారి వేడి చేశాను. నువ్వుంటే నవ్వేవాడివి.

సరస్సు పైన పదినిమిషాలు తిరిగి, నేరుగా పట్నం వెళ్లాను. ఆసుపత్రికి. ఆపరేషను చేసిన ఆ డాక్టరు ఫెనెలన్ అక్కడే ఉన్నాడు. గుర్తుపట్టలేదు. పేరు చెబితే ఫైలు తెప్పించుకుని చదివాడు.

"రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే బతికేదా?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు తీసి, "మీకు ఏ జవాబు కావాలి?" అన్నాడు.

"నిజం" అన్నాను.

"పేగు మెలిపడి అప్పటికే చాలాసేపైంది. పొద్దున్నే తెచ్చి ఉంటే బతికేదనే అంటాను. ఆ రెండు గంటల గురించి మాత్రం నాకు తెలియదు. బతికి ఉండొచ్చు. బతకకపోనూ వచ్చు. ఇంతకంటే చెబితే అది అబద్ధం అవుతుంది" అన్నాడు.

ఆ రోజు నీతో "కాస్త ముందు రాలేకపోయారా" అన్నందుకు బాధపడ్డాడు. అలసటలో అన్నానని నీకు చెప్పమన్నాడు. చెబుతున్నాను.

అంటే, పొద్దున్న నొప్పి అన్నప్పుడు వేడినీళ్లు తాగమన్నవాణ్ణి నేను. అప్పుడు విమానం పట్నంలో నీ దగ్గర ఉంది. ఒక్క రేడియో కబురు చేసి ఉంటే నువ్వు పదింటికల్లా వచ్చేవాడివి. నీకు చెప్పాల్సినదంతా ఇప్పుడు చెప్పేశాను. ఇంకేం దాచలేదు.

తిరిగొచ్చేటప్పుడు కొండ దాటగానే సరస్సు మొత్తం కనబడింది. అటు నుంచి ఇటు దాకా తెల్లగా, మధ్యలో ఒక్క ఇంటి పొగ. ఎవరిదబ్బా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను డెల్, ఒక నిమిషం పాటు. పొద్దున్న పొయ్యిలో కట్టె వేసి వచ్చింది నేనే కదా! ఇదివరకు ఎప్పుడు పైనుంచి చూసినా ఆ పొగ కింద మనిషి ఉండేది.

దిగి, ఇంజను ఆపాక, చప్పుడు లేకపోవడం చెవులకి నొప్పిగా అనిపించింది.

ఐవర్

*

టూసాన్
ఏప్రిల్ 11

బావా,

నేను బతికే ఉన్నాను. నీ ఉత్తరాలు మూడూ అందాయి.

జనవరి ఉత్తరం చదివాక మొదటి వారం ఏం చేశానో తెలుసా? నిద్రపోయాను. ఏడాదిలో మొదటిసారి తొమ్మిది గంటలు, పది గంటలు. వెండెల్ తలుపు కొడితే లేవలేదు. "నేను కాదు, నేను కాదు" అని అద్దంలో చూసి చెప్పుకున్నాను. పాట పాడానని కూడా చెప్పుకోవాలి, సిగ్గుగా ఉన్నా. రెండో వారం ఆ సంతోషం తీరిపోయింది. నేను కాకపోయినా అక్క లేదు కదా. బరువు దిగితే అక్క కొంచెమైనా తిరిగొస్తుందని ఎక్కడో అనుకున్నానేమో. రాలేదు.

అప్పుడు వచ్చింది నీ మీద కోపం. పంపుకి దుప్పటి తీసినందుకు కాదు. నేనైనా తీసేవాణ్ణే, అది పక్కనే ఉంది, పంపు గడ్డకట్టింది, ఇంకెవడైనా ఏం చేస్తాడు? చేప పడలేదేమో అన్నందుకూ కాదు. నన్నడిగినా అదే అనేవాణ్ణి. గుట్ట మీద మట్టి పోసేటప్పుడు నా చేతిలోంచి పార తీసుకున్నావు చూడు, నేను ఏడుస్తూ "క్షమించు బావా" అన్నాను చూడు. నువ్వు నా వీపు నిమిరావు. నిమిరి ఊరుకున్నావు. ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ చెయ్యి అబద్ధమాడింది. దాన్ని ఎప్పుడు క్షమిస్తానో నాకు తెలియదు. క్షమించానని రాస్తే డాక్టరు చెప్పినట్టు అది అబద్ధమవుతుంది.

ఖాళీ కవరు పంపమన్నావు. పంపాను. ఫిబ్రవరి ఉత్తరం అందిన రోజే, నీ పేరు రాసి స్టాంపు అంటించి డబ్బాలో వేద్దామని వెళ్లాను. వెయ్యలేక వెనక్కి తెచ్చేశాను. అంటే పంపలేదు. అదిగో, నాకూ నీ జబ్బే.

కానీ నువ్వు ఆసుపత్రికి వెళ్లి అడిగావు. ఆ ఒక్క పని నేను చెయ్యలేకపోయాను. అడగకుండా ఏడాది పాటు నాకు నేనే శిక్ష వేసుకుని, దాంతోనే కాలక్షేపం చేశాను. నువ్వు ఒక్కడివే వెళ్లి, ఆ జవాబు విని, ఒక్కడివే వెనక్కి ఎగిరి, మన ఇంటి పొగ చూసి ఎవరిదోననుకున్నావని చదివాక మాత్రం గదిలో కూర్చోలేకపోయాను. మైదానమంతా రెండుసార్లు చుట్టి వచ్చాను. వెండెల్ రెక్కలు తుడుస్తున్నాడు. "ఏమైంది?" అన్నాడు. "మా బావ" అన్నాను. "పోయారా?" అన్నాడు. "లేదు, ఉన్నాడు" అన్నాను. ఆ మాట అన్నాక చాలాసేపు ఏడ్చాను. పాపం, ఆ విమానం తుడిచే గుడ్డే ఇచ్చాడు.

ఇక్కడి డాక్టరుని అడిగాను. నడపకూడదుగానీ పక్క సీట్లో కూర్చోవచ్చన్నాడు. మే 19, శనివారం పట్నానికి వస్తున్నాను. సియాటిల్ దాకా బస్సు, ఆ తర్వాత పెద్ద విమానం. ఉండిపోవడానికని అనుకోకు, అది అక్కడికొచ్చాక చూసుకుందాం. అక్కని పెట్టిన చోట ఈపాటికి గడ్డి మొలిచిందో లేదో చూడాలి.

మెయిలు విమానం ఎక్కను. నువ్వే రావాలి. నేను కుడిపక్క కూర్చుంటాను. సగం దారి దాకా ఏమీ మాట్లాడకు, చలి గురించి కూడా. ఆ తర్వాత నేనే మొదలుపెడతాను.

డెల్